ఇంటి బయట రంగు వేయించేవాళ్లు బకెట్ మూత చూడండి, మా పిట్టగోడ గతి చూసి చెప్తున్నా

నల్గొండలో, చుట్టుపక్కల ఊళ్లల్లో దసరాకు ఇంటికి రంగులు వేయిద్దామనుకునేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. షాపు పేరు, పెయింటర్ పేరు రాయను, గొడవ నాకొద్దు.

మాది దేవరకొండ రోడ్డు వైపు వంద గజాల్లో చిన్న ఇల్లు. రెండు గదులు, ముందర వరండా. పోయిన మాఘంలో షాపులో ట్యూబులైటు కింద షేడ్ కార్డు ముందేసుకుని, అగ్గిపెట్టె అంత కూడా లేని ముక్క మీద వేలు పెట్టి, గోడలకు లేత చందనం, పిట్టగోడకూ కిటికీల చుట్టూ పట్టీకీ నారింజ ఎరుపు అని చెప్పి వచ్చాం. మిగతాదంతా పెయింటరే చూసుకుంటానన్నాడు. తెల్లారి మేం పోయేసరికి బకెట్లు తెచ్చి, రంగు డ్రమ్ములో పోసి, నీళ్లు కూడా కలిపేశాడు. అక్కడే మోసపోయాం.

గోడంతా వేశాక చూస్తే అది చందనం కాదు, పసుపు కొమ్ము. కార్డు మీద లేతగా కనిపించేది పెద్ద గోడకెక్కితే ముదురుగా కొడుతుంది, పడమటి గోడ మీద సాయంత్రం ఎండ పడితే ఇంకా ఘోరం. మిగిలిన సీలు తీయని డబ్బా వాపసు ఇవ్వబోతే షాపాయన "మిషన్ల కలిపినంక ఎట్ల తీసుకుంటం అన్నా, ఇంకెవరికి అమ్మాలె" అన్నాడు. ఆ మాట న్యాయమే, కాదనను. నారింజ చాలక ఇంకో లీటరు కలిపించాం, అది కొంచెం తేడా వచ్చింది. షేడ్ కోడ్ ఉన్న స్టిక్కర్ మూతతో పాటు ఎటో పోయింది మరి.

అసలు కథ ఎండాకాలంలో. మన దగ్గర మే నెల ఎండలు తెలిసిందే, 44, 45 డిగ్రీలు. తొలకరి పడేసరికి పిట్టగోడ వెలిసి పాత చీర కొంగులా అయింది, చేత్తో రాస్తే అరచేతికి పిండి అంటుతోంది. ఇదేంట్రా అనుకుంటుంటే, మా అమ్మ కోడిపిల్లలకు నీళ్లు పెట్టే మూత కంట పడింది, తిరగేస్తే దాని మీద ఇంటీరియర్ అని ఉంది! లోపలి గోడల పెయింటు తెచ్చి బయట వేశాడన్నమాట, అది ఎండకూ వానకూ ఆగే సరుకు కాదు. షాపుకు పోతే బిల్లు ఏది అన్నారు. మా దగ్గరున్నది తెల్ల చీటీ మీద పెన్నుతో రాసిన లెక్క. కూలీతో కలిపి 22 వేలు పోయాయి.

బకెట్‌లో పెయింటర్‌కు కంపెనీవాళ్లు పెట్టే డబ్బుల టోకెన్ వస్తుంది, దాని మీద నాకు పేచీ లేదు, కానీ మూత మాత్రం మన ముందే తీయించండి. ఎక్స్‌టీరియర్ అని ఉందో లేదో చూసి, కోడ్, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, పక్కా బిల్లు అడగండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులైనా ఆగాలి, రంగుకు ముందు వేసే ప్రైమర్ ఎగ్గొడతానంటే ఒప్పుకోవద్దు. ఇంకోటి, అసలైన ఎక్స్‌టీరియర్ పెయింటులో కూడా మెరిసే ఎరుపులు, నారింజలు, పసుపులు ముందుగా వెలుస్తాయి, మట్టి రంగులు ఆగుతాయి. మా నాయనమ్మ అరుగులకు జాజు, అదే ఎర్రమన్ను, పూసేది, వానకు కడుక్కుపోయేదేమో గానీ ఎండకు వెలిసింది నేనెప్పుడూ చూడలేదు. అది ఇనుము ఉన్న మన్ను కదా.

ఈసారి లీటరు డబ్బాలే కలిపించి, పడమటి గోడకు ప్రైమర్ కొట్టి, మూడు చోట్ల మూడడుగుల పట్టీలు రెండు కోటింగ్‌లు వేసి పెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, మాపటేళ చూస్తున్నా. ఇటుక రంగు మీదికి మనసు పోతోంది. అమ్మేమో రోజూ ఒకటే మాట: "గోడకు గజ్జి లేసినట్టున్నది బిడ్డా, ఏదో ఒకటి తొందరగా పూయించు."