రికార్డు సగమే వస్తే భారం ఎవరిది? అప్పీలుదారుదా, కోర్టుదా: ఏది మేలు?

అప్పీలులో సాక్షులు మళ్లీ బోనెక్కరు. ఎవరు ఏం చెప్పారు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ తడబడ్డారు, జడ్జి ఏ పత్రాన్ని నమ్మారు అన్నదంతా పై కోర్టు కింది కోర్టు రికార్డులోని కాగితాల మీదే చూడాలి. ఆ కట్టలో ఒక ముఖ్య సాక్షి వాంగ్మూలం లేదనుకోండి. లేని వాంగ్మూలం వల్ల కలిగే నష్టాన్ని ఎవరో ఒకరు భరించక తప్పదు. దీనికి అమెరికా ఒక దారి పట్టింది, మన దేశం మరో దారి పట్టింది.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో భారం ప్రధానంగా అప్పీలుదారు మీదే ఉంటుంది. అప్పీలు నోటీసు వేసిన 14 రోజుల్లో విచారణలో మాటలన్నీ నమోదు చేసే కోర్టు రిపోర్టర్‌కు ట్రాన్‌స్క్రిప్ట్ (ఆ మాటల టైపు ప్రతి) ఆర్డర్ ఇవ్వాలి, లేదా అక్కర్లేదని రాసి ఇవ్వాలి. 'ఈ నిర్ధారణకు సాక్ష్యం లేదు' అని వాదించదలిస్తే, ఆ అంశానికి సంబంధించిన సాక్ష్యమంతా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండాలి. లేకపోతే ఆ వాదన సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది, కింది తీర్పు నిలబడుతుంది.

సివిల్ దావాల్లో ఇది నాకు సబబుగానే అనిపిస్తుంది. తీర్పులో తప్పు ఎక్కడుందో అప్పీలుదారుకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. నెలల తరబడి సాగిన విచారణలో రెండు రోజుల సాక్ష్యమే కావాల్సి వస్తే, మిగతాదంతా టైపు చేయించడం డబ్బు దండగ. తనకు అనుకూలమైన ముక్కలే తెస్తాడన్న భయానికీ విరుగుడు ఉంది: కొంత భాగమే ఆర్డర్ చేసినప్పుడు, ఇంకేం కావాలో అవతలి పక్షం 14 రోజుల్లో చెప్పవచ్చు.

ఈ పద్ధతికి పెద్ద చిక్కు డబ్బు. ట్రాన్‌స్క్రిప్ట్ కొనలేనివాడికి అప్పీలు హక్కు కాగితం మీదే మిగులుతుంది. 1956లో గ్రిఫిన్ తీర్పుతో అమెరికా సుప్రీంకోర్టు క్రిమినల్ కేసుల్లో పేదలకు ఈ అడ్డు తొలగించింది. సివిల్ వైపు కొంతైనా కదలిక రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. మిసిసిపీలో ఒక తల్లికి తన పిల్లలపై ఉన్న హక్కులను కోర్టు రద్దు చేసింది. అప్పీలుకు రికార్డు తయారీ ఖర్చు 2,352 డాలర్ల పైచిలుకు అన్నారు. ఆమె కట్టలేకపోయింది. కట్టలేదన్న కారణంతో ఆమె అప్పీలును ఆపకూడదని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. కన్నబిడ్డలు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నను టైపింగ్ ఖర్చు దగ్గర ఆపేయడం ఎంత ఘోరమో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మన క్రిమినల్ అప్పీళ్లలో దారి వేరు. పాత క్రిమినల్ విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 385వ సెక్షన్ అయినా, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 426వ సెక్షన్ అయినా, అప్పీలును ప్రాథమిక దశలోనే కొట్టేయకపోతే పై కోర్టే రికార్డు తెప్పించుకోవాలి. శిక్ష ఎంత, అది చట్టబద్ధమేనా అన్నంతవరకే వివాదమైతే తెప్పించకపోయినా ఫరవాలేదు. జైల్లో ఉన్నవాడిని 'నీ కట్ట నువ్వే తెచ్చుకో' అనకపోవడం ఈ పద్ధతిలోని గొప్ప మేలు.

అయితే రికార్డ్ రూమ్‌లో కట్టే కనిపించకపోతే? ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఇలాంటి కేసులోనే మన సుప్రీంకోర్టు 2004లో తీర్పు ఇచ్చింది. రికార్డు లేదని హైకోర్టు నిందితులను విడిచిపెట్టింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముందు రికార్డును తిరిగి కూర్చే ప్రయత్నం చేయాలి, కుదరకపోతే పునర్విచారణ వీలవుతుందేమో చూడాలి, ఏదీ సాధ్యం కానప్పుడే కేసు మూసేయాలి అంది. ఈ వరుస నాకు చాలా సరైనదనిపిస్తుంది. కట్ట మాయమైతే చాలు విడుదల అన్న నియమం ఉంటే, కట్టలు మాయం చేయించేవాళ్లు తయారవుతారు.

దీనికి అవతలి వైపు 2023లో వచ్చిన తీర్పులో కనిపిస్తుంది. 1999లో ఒక లంచం కేసులో శిక్ష పడింది. తర్వాత రికార్డు దొరకలేదు, అయినా హైకోర్టు శిక్షను ఖరారు చేసింది. కింది కోర్టు తీర్పును నమ్ముకుని శిక్ష నిలబెట్టడం అప్పీలు కోర్టు పని కాదని, ఇది జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛల గురించి చెప్పే రాజ్యాంగం 21వ అధికరణాన్ని దెబ్బతీస్తుందని సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. జిల్లా కోర్టుల్లో రికార్డులను వీలైనంతవరకు అప్పీలు గడువులోపే డిజిటల్ చేయాలని కూడా ఆదేశించింది.

ఇక ఏది మేలు? నేనైతే ముందు రికార్డు ఎందుకు అసంపూర్ణమైందో అడుగుతాను. కావాల్సిన భాగాన్ని అడక్కపోవడం వల్ల అయితే, స్తోమత ఉన్న అప్పీలుదారే నష్టపోవాలి. విచారణలో అభ్యంతరం చెప్పి, దాన్ని నమోదు చేయమని పట్టుబట్టకపోతే ఆ లోపం ఆ పక్షానిదీ, దాని లాయరుదీ. కోర్టు ఆధీనంలో ఉన్న కాగితం పోతే మాత్రం అప్పీలుదారు మీద గవ్వంత భారం కూడా వేయకూడదు, సివిల్ అయినా సరే. తన చేతిలో ఎన్నడూ లేని కట్టకు అతనెలా కాపలా కాస్తాడు? ఇక్కడ మన పద్ధతే మేలు.

పోయిన భాగాన్ని తిరిగి కూర్చడంలో మాత్రం అమెరికా నియమం స్పష్టంగా ఉంది. ట్రాన్‌స్క్రిప్ట్ దొరకనప్పుడు అప్పీలుదారు తన జ్ఞాపకంతో సహా వీలైన ఆధారాలన్నిటితో ఒక కథనం రాసి అవతలివారికి ఇస్తాడు, వాళ్లు 14 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు, చివరికి కింది కోర్టు దాన్ని ఖరారు చేస్తుంది. అప్పీలుకు లాయరు మారితే విచారణలో కూర్చున్న మనిషే ఉండడు కాబట్టి ఇదీ బలహీనమే. అయినా గడువులతో కూడిన ఒక దారి ఉండటం, ఏళ్ల తరబడి 'రికార్డు కోసం వాయిదా' వినడం కంటే ఎంతో నయం.

మన దగ్గర అప్పీలు వేసేవాళ్లు వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల సర్టిఫైడ్ కాపీలు తీర్పు వచ్చిన వారంలోనే అడిగి పెట్టుకోవాలి. రికార్డు పై కోర్టుకు చేరాక ఇండెక్స్‌తో పోల్చి, ఏది తక్కువైనా మౌఖికంగా కాకుండా మెమో వేసి చెప్పాలి. ఆ మెమో ఉంటే, 'అప్పుడే ఎందుకు చెప్పలేదు' అన్న మాట తర్వాత పడాల్సిన పని ఉండదు.