డౌట్ వస్తే వెంటనే అడగాలా, ముందు మనమే కుస్తీ పట్టాలా?

కొత్త ఉద్యోగంలో మొదటి రెండు మూడు నెలలూ ఈ తికమక తప్పదు.

వెంటనే అడిగేస్తే పని ఆగదు. లాగిన్, యాక్సెస్, ఫైలు ఎక్కడుంది, ఎవరు అప్రూవ్ చేయాలి లాంటివి ఎంత తల బద్దలు కొట్టుకున్నా తెలిసేవి కావు. వీటికి ఐదు నిమిషాలు కూడా ఆగనక్కర్లేదు. చిక్కల్లా ప్రతిదానికీ అడగడంలోనే ఉంది. జవాబు దొరుకుతుంది కానీ దారి తెలియదు, వారం తిరిగేసరికి మళ్లీ అదే ప్రశ్నతో నిలబడతారు. సీనియర్లకు విసుగొచ్చేది అక్కడే.

సొంతంగా ప్రయత్నిస్తే నేర్చుకున్నది గుర్తుంటుంది. ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవడం, పాత మెయిళ్లు వెతకడం, ఇంతకుముందు అలాంటి పనే చేసిన ఫైలు తెరిచి పోల్చుకోవడం అలవాటవుతుంది. అసలు ప్రమాదం మొహమాటం. రెండు రోజులు నోరు మెదపకుండా ఉండి, గడువు రోజు సాయంత్రం బయటపెడితే సరిదిద్దే వ్యవధి ఎవరికీ ఉండదు.

మా మొగ్గు రెండోదానికే, కానీ గడియారం చూసుకుంటూ. అరగంట ప్రయత్నించండి. తేలకపోతే ఇలా రాయండి: "నెలవారీ రిపోర్టులో మొత్తం 40 తక్కువ వస్తోందండీ. ఫార్ములా, తేదీల ఫిల్టర్ చూశాను. డూప్లికేట్ వరుసలు తీసేయడం వల్లేమో అనిపిస్తోంది. ఒకసారి చెప్తారా?" దీనికి ఒక్క లైనులో జవాబు వస్తుంది. "రిపోర్టు రావట్లేదండీ" అని ఊరుకుంటే ఎదురు ప్రశ్నలకే పూట గడిచిపోతుంది. వచ్చిన జవాబును తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.

డబ్బు చెల్లింపు, డేటా డిలీట్ చేయడం, కస్టమర్‌కు మెయిల్ పంపడం: వీటికి మాత్రం అరగంట లెక్క వర్తించదు. బటన్ నొక్కకముందే అడగాలి.