కోటకు వాకిలి వచ్చింది: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2తో ఇరవై ఏళ్లు

మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో గోడ కట్టుకోవచ్చు, వాకిలి పెట్టుకోలేం. ఆ ఆట ఆడినవాళ్లకు ఈ ఒక్క ముక్కతో నా బాధ తెలిసిపోతుంది. ఆడనివాళ్ల కోసం చెబుతాను, ఇది ఊరు కట్టి, సైన్యం పెంచి, అవతలివాడి మీద యుద్ధం చేసే కంప్యూటర్ ఆట. ఇక జరిగింది ఇదీ.

2001లో నేను కడపలో డిగ్రీ మొదటి సంవత్సరం. కోటిరెడ్డి సర్కిల్‌కు దగ్గర్లో, మేడ మీద, ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక్క ఫ్యాను, గంటకు పదిహేను రూపాయలు. ఇంటర్నెట్ వస్తే వచ్చేది, లేకపోతే లేదు. అందుకని ఓనరు ఆరింటినీ వైర్లతో కలిపి గేములు వేసి పెట్టాడు. ఉదయం ఉగ్గాని బజ్జీ తిని మెట్లెక్కితే కరెంటు పోయేదాకా దిగేవాళ్లం కాదు.

ఒకరోజు సిద్ధవటం కోటను తలుచుకుని, ఊరి చుట్టూ పూర్తిగా గోడ కట్టేశాను. ఎక్కడా సందు లేదు. పదిహేనుమంది సైనికులు తయారయ్యారు, దాడికి పోదామంటే బయటికి దారి లేదు. చివరికి నా గోడలో ఒక ముక్కను నేనే డిలీట్ కొట్టి వాళ్లను పంపించాను. వాళ్లు అటు వెళ్లారో లేదో అదే సందులోంచి అవతలివాడి రథాలు లోపలికొచ్చి నా విలేజర్లను, అంటే ఊళ్లో పనులు చేసే జనాన్ని, ఒక్కరిని కూడా మిగల్చకుండా చంపేశాయి. పక్క కంప్యూటర్ మీద ఉన్నది నా క్లాస్‌మేటే. "సిద్ధవటం పక్కనే పుట్టినోడివి, కోటకు వాకిలి పెట్టల్లని తెలీదా రా?" అన్నాడు. పెట్టడానికి ఆటలోనే లేదంటే వాడు నమ్మలేదు.

ఆ ఆట 1997 నాటిది. చేసింది ఎన్‌సెంబుల్ స్టూడియోస్. రెండో భాగం, ది ఏజ్ ఆఫ్ కింగ్స్, 1999లోనే వచ్చింది. దాని ఎక్స్‌పాన్షన్ ది కాంకరర్స్, అంటే ఆటకు అదనంగా కలిపే భాగం, 2000లో వచ్చింది. మా మేడ మీదికి ఆ రెండూ కలిసి చేరేసరికి 2003 అయింది. నేను చేసిన మొదటి పని గేటు కట్టడం. మనవాళ్లు దగ్గరికి రాగానే అది పైకి లేస్తుంది, దాటిపోగానే కిందికి దిగుతుంది. తాళం కూడా వేసుకోవచ్చు. ఆ రోజు యుద్ధం సంగతి పక్కన పెట్టి ఒక గుర్రాన్ని పది నిమిషాలు లోపలికీ బయటికీ తిప్పుతూ కూర్చున్నాను.

రెండో భాగం ఎందుకు గొప్పది అంటే చాలామంది బొమ్మలు బాగున్నాయంటారు, కోటలు పెద్దవంటారు. నిజమే. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఆడిన మీదట నాకు కనిపించేది వేరు. ఈ ఆట నా చాకిరీ తగ్గించింది. ఆలోచించాల్సిన పని మాత్రం తగ్గించలేదు, ఇంకా పెంచింది.

చాకిరీ అంటే ఎట్లాంటిదో చెప్పాలి. మొదటి ఆటలో ఒక విలేజర్ తయారై బయటికొచ్చాక మళ్లీ ఊరి నడిబొడ్డున ఉండే టౌన్ సెంటర్ భవనం నొక్కి ఇంకొకడిని పుట్టించాలి. ఒకేసారి ఐదుగురికి ఆర్డర్ ఇచ్చి మన పని మనం చూసుకునే వీలు లేదు. 1998లో వచ్చిన ది రైజ్ ఆఫ్ రోమ్ ఎక్స్‌పాన్షన్‌తో ఆ వరస పెట్టే సౌకర్యం వచ్చింది. మా మేడ మీద ఆ సీడీ లేదు. అవతల యుద్ధం జరుగుతుంటే ఇవతల నేను కూలీ మేస్త్రిలా ఒక్కొక్కరిని పిలుచుకోవాల్సిందే.

పొలాలది ఇంకో గోల. 75 కట్టెలు పెట్టి పొలం వేస్తే 250 తిండి ఇచ్చి అది అయిపోతుంది. విలేజర్ నిలబడి చూస్తుంటాడు. నోరు తెరిచి అడగడు. మనం గమనించి మళ్లీ కొత్త పొలం వేయాలి. ఎనిమిది పొలాలున్నాయంటే ఎప్పుడూ ఏదో ఒకటి బీడుపడే ఉంటుంది. ఏజ్ ఆఫ్ కింగ్స్‌లోనూ మొదట్లో ఇదే కష్టం. పొలం ఖర్చు 60కి తగ్గింది గానీ బీడు పడటం తప్పలేదు. కాంకరర్స్‌లో మిల్లు దగ్గర ముందే కట్టెలు కట్టి పెట్టుకుంటే పొలం దానంతటదే మళ్లీ నాటుకునే పద్ధతి వచ్చింది. రెండో భాగాన్నే కొత్తగా చేసి తెచ్చిన ఇప్పటి డెఫినిటివ్ ఎడిషన్‌లో అయితే ఒకసారి నొక్కి వదిలేస్తే సరి, కట్టెలున్నంత వరకు పొలం సంగతి పొలమే చూసుకుంటుంది. మా నాన్న ఈ ముక్క విని, "అట్లాంటి సేద్యం నిజంగా ఉంటే నేను చెన్నూరు వదిలి కడపకు ఎందుకొస్తా?" అన్నాడు.

పని లేక నిలబడ్డ విలేజర్‌ను వెతకడం కూడా ఆ రోజుల్లో ఒక పనే. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లోణ్ణి వెతికినట్టు మ్యాపంతా తిరిగేవాణ్ణి. రెండో భాగంలో స్క్రీన్ కింద చిన్న మ్యాప్ పక్కనే దానికో బటన్ పెట్టారు. నొక్కితే ఖాళీగా ఉన్నవాడి దగ్గరికి నేరుగా తీసుకుపోతుంది. ఇంత చిన్న బటన్ నా ఆటను ఎంత మార్చిందో, పెద్ద పెద్ద కోటలు అంత మార్చలేదు.

గంట గురించి కూడా చెప్పాలి. మొదటి ఆటలో శత్రువు వస్తే విలేజర్లు అటూ ఇటూ పరిగెత్తి చస్తారు. టౌన్ సెంటర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, అది ఒక్క బాణం వేయదు. రెండో భాగంలో గంట నొక్కితే పొలంలో ఉన్నవాడు, చెట్టు కొడుతున్నవాడు అందరూ దగ్గర్లోని భవనంలోకి దూరిపోతారు. టౌన్ సెంటర్‌లో పదిహేనుమంది పడతారు. లోపల మంది పెరిగేకొద్దీ బాణాలు ఎక్కువ వస్తాయి. గండం గడిచాక మళ్లీ నొక్కితే ఎవడి పనికి వాడు పోతాడు. గండికోట లోపల ఆ పెద్ద ధాన్యాగారం, గుడి, మసీదు అన్నీ ఎందుకున్నాయో బడిలో చెప్పినప్పుడు నా బుర్రకెక్కలేదు. ముట్టడి వస్తే ఊరంతా లోపల బతకాలి కదా అని ఈ ఆట ఆడిన తర్వాత తట్టింది.

ఇక ఆలోచన పెరిగిందన్నాను కదా. ఊరు ఒక యుగం నుంచి పై యుగానికి ఎదగడానికి అయ్యే ఖర్చు రెండు ఆటల్లో దాదాపు ఒకటే. మొదటి మెట్టుకు 500 తిండి, చివరి మెట్టుకు 1000 తిండి, 800 బంగారం. నడి మెట్టుకు మాత్రం మొదటిదాంట్లో 800 తిండి చాలు, రెండోదాంట్లో ఇంకో 200 బంగారం కూడా కావాలి. అంటే ఎముకలు అవే. తేడా అంతా చేతిలో ఉన్నదానితో ఏం చేస్తామన్న దాంట్లో ఉంది. మొదటి ఆటలో ఏదో ఒక గట్టి దండును గుంపుగా తయారుచేసి తోలితే చాలావరకు గెలిచేవాణ్ణి. రెండోదాంట్లో ఆ తెలివి నడవదు. ఎంత ఖరీదైన గుర్రపు దండునైనా కట్టె, తిండితో అయ్యే బల్లెంవాళ్లు ఆపుతారు. బల్లెంవాళ్లను విలుకాళ్లు కొడతారు, విలుకాళ్లను ఈటెలు విసిరే స్కర్మిషర్లు కొడతారు. అవతలివాడు ఏం చేస్తున్నాడో స్కౌట్‌ను పంపి చూసి రాకపోతే మన డబ్బంతా మట్టిపాలే.

మార్కెట్ కూడా అంతే. మొదటి ఆటలో వ్యాపారమంటే రేవు నుంచి రేవుకు పడవలు నడపడమే, సముద్రం లేని మ్యాపులో అదీ లేదు. రెండోదాంట్లో మార్కెట్ కట్టుకుని కట్టెలు అమ్మి బంగారం తెచ్చుకోవచ్చు. కానీ అమ్మేకొద్దీ ధర పడిపోతుంది, కొనేకొద్దీ పెరుగుతుంది. కర్నూలు మార్కెట్‌కు ఉల్లిగడ్డలు ఒకేసారి వచ్చి పడితే రైతు గతి ఏమవుతుందో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రెలిక్‌లు అని ఇంకో సంగతి ఉంది, మ్యాపులో అక్కడక్కడా పడి ఉండే పవిత్ర వస్తువులు. సన్యాసిని పంపి మఠానికి తెచ్చుకుంటే ఒక్కొక్కటీ నిమిషానికి 30 బంగారం ఇస్తూనే ఉంటుంది. గనులన్నీ అయిపోయిన ఆటల్లో నన్ను గట్టెక్కించింది ఇవే.

మొదటి ఆటలో 50 మందికి మించితే ఇక పుట్టనిచ్చేది కాదు. రెండోది 200 దాకా పోయింది, డెఫినిటివ్‌లో 500 దాకా పెట్టుకోవచ్చు. నేను 200 దాటను. నా కళ్లకు అంతకంటే ఓపిక లేదు.

మొదటి ఆటలో ఏమీ లేదని కాదు. గోచీ కట్టిన మనిషి ఏనుగును వేటాడటం, సింహం వచ్చి విలేజర్ మీద పడటం, ఆ రాతియుగపు భయం రెండోదాంట్లో లేదు. అడవిపందిని బాణాలతో రెచ్చగొట్టి టౌన్ సెంటర్ దాకా పరిగెత్తించుకొచ్చే సరదా ఉంది గానీ, అది ఏనుగు కాదు. పూజారి 'వొలొలో' అంటూ మన సైనికుణ్ణి అవతలివాడి మనిషిగా మార్చేసే తమాషాకు నాంది పలికింది కూడా మొదటిదే. ఇంకోటి, చీట్ కోడ్‌లు. పెప్పరోని పిజ్జా అని కొడితే 1000 తిండి వచ్చేది. పిజ్జా అంటే ఏందో అప్పటికి మా ఆరుగురిలో ఎవరికీ తెలీదు. ఏదో మంత్రం అనుకున్నాం.

డెఫినిటివ్ ఎడిషన్ 2019 నవంబర్‌లో వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే, పాత సీడీల వెంట పడకండి. బొమ్మలు స్పష్టంగా ఉంటాయి, దగ్గరికీ దూరానికీ జరుపుకోవచ్చు, కంప్యూటర్ ఆడే ఆట కూడా మారింది. పాతదాంట్లో కష్టమైన లెవెల్ పెడితే కంప్యూటర్‌కు దొంగ సరుకు వచ్చేది. ఇప్పటిది దొంగతనం చేయకుండానే నన్ను ఓడిస్తుంది, అది ఇంకా సిగ్గు. అయితే పాత మెషీన్ల మీద ఇది నడవదు. నాకు కోర్టు దగ్గర జిరాక్స్ షాపుంది. అక్కడి కంప్యూటర్‌లో వేస్తే సైన్యాలు ఢీకొన్నప్పుడల్లా ఆట నత్తలా నడిచింది. ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ వేశాక దారికొచ్చింది.

అసహనం కలిగించేవి కూడా ఉన్నాయి. సైనికులు వరస కట్టి నడవడం రెండో భాగం తెచ్చిన మంచి మార్పే. కానీ ఇరుకు దారిలో ఆ వరస ఇప్పటికీ పెళ్లి ఊరేగింపులా చిక్కుపడుతుంది. జాతుల సంఖ్య చూస్తే, మొదటి ఆటలో 12, ఏజ్ ఆఫ్ కింగ్స్‌లో 13, డెఫినిటివ్ 35తో మొదలై ఇంకా పెరుగుతూనే ఉంది. ప్రతి కొత్త మూటకూ మళ్లీ డబ్బు. కొత్తగా చేరేవాడికి ఏది ఏమిటో తెలిసేలోపు ఏడాది గడుస్తుంది.

అయినా 2022లో వచ్చిన డైనస్టీస్ ఆఫ్ ఇండియాను మాత్రం మొదటి రోజే కొన్నాను. అంతకుముందు ఇండియన్స్ అని ఒక్కటే జాతి ఉండేది. దాన్ని హిందుస్థానీలు, ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులుగా చేశారు. నాది ఎప్పుడూ ద్రావిడులే. యుగం మారినప్పుడల్లా 200 కట్టెలు ఉచితంగా వస్తాయి. నైట్‌లు అనే కవచం వేసుకున్న గుర్రపు సైనికులు లేరు, అందుకే మొదట్లో చాలా ఓడిపోయాను. కానీ చివర్లో వూట్జ్ స్టీల్ నేర్చుకున్నామంటే మన కత్తికి అవతలివాడి కవచం అడ్డే కాదు. వూట్జ్ అన్న మాట మన ఉక్కు నుంచే పోయిందని చెబుతారు. మొదటిసారి ఆ బటన్ నొక్కినప్పుడు నాకు ఏదో సొంత సొమ్ము తిరిగొచ్చినట్టు అనిపించింది.

ఒక్క బాధ ఏమిటంటే, రెండో భాగంలో ప్రతి జాతీ తన భాషలో పలుకుతుంది, మన ద్రావిడులు పలికేది తమిళం. చోళుల ఆట కాబట్టి న్యాయమే. దాని క్యాంపెయిన్, అంటే కథలా సాగే ఆట కూడా రాజేంద్ర చోళుడిదే. ఆ రాజేంద్రుడే తన కూతురు అమ్మంగదేవిని మన రాజరాజ నరేంద్రుడికిచ్చి చేశాడు, ఆ అల్లుడి కొలువులోనే నన్నయ భారతం మొదలుపెట్టాడు. తొలి తెలుగు శాసనమని చెప్పే కలమళ్ళ శాసనమైతే మా జిల్లాలోదే, అది వేయించింది రేనాటి చోళులు. ఒక్క బల్లెంవాడి చేతనైనా "సరే" అనిపించి ఉంటే బాగుండేది. నా మేనల్లుడితో ఈ మాట అంటే, "శాసనాలు తర్వాత చూస్తువు గానీ మామా, ఫస్ట్ నీ స్కౌట్ యాడుందో చూడు" అన్నాడు.

వాడు ఇప్పుడు బెంగళూరులో చదువుకుంటున్నాడు. ఆదివారం రాత్రి తొమ్మిదికి ఇద్దరం ఆన్‌లైన్‌లో కూర్చుంటాం. వాడు పుట్టకముందు నుంచీ నేను ఆడుతున్న ఆట, పదింటిలో ఏడు వాడే గెలుస్తాడు. మొదటి ఆట రుచి చూపిద్దామని 2023లో వచ్చిన రిటర్న్ ఆఫ్ రోమ్ కూడా కొన్నాను. మొదటి ఆటలోని జాతులన్నింటినీ రెండో ఆట లోపలికే తెచ్చిన మూట అది. వాడు ఒక్క ఆట ఆడి, "బాగుంది మామా, మనది పెట్టు" అన్నాడు.

పోయిన ఆదివారం ఊరి చుట్టూ రాతి గోడ కట్టాను, ఉత్తరాన ఒక్క గేటు పెట్టాను. బయట బంగారం గని దగ్గరికి ఒక విలేజర్‌ను పంపాను. వాడి కోసం గేటు లేచింది. చెట్ల వెనక ఎంతసేపటి నుంచి కాచుకుని ఉన్నాయో, అల్లుడి గుర్రాలు ఆరు అదే క్షణంలో లోపలికి దూసుకొచ్చాయి. గంట కొట్టేలోపు పొలాల మీద సగం మంది పోయారు. వాడు 11 కొట్టాడు. ఆ నంబరు కొడితే ఆటలో పెద్దగా నవ్వు వినిపిస్తుంది. తర్వాత ఫోన్ చేసి, "మామా, తాళమనేది ఒకటుంది గదా, వేసుకోవచ్చు గదా!" అన్నాడు.