ఎవరిది తప్పని అడగని కౌన్సెలింగ్: పద్నాలుగు సిట్టింగుల తరువాత

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు లెక్కలు చూసే ఉద్యోగం నాది. యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీల వరుస తెగదు కనుక మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తను. ఎత్తలేదని ఆమె మళ్లీ మళ్లీ చేస్తుంది. రాత్రి ఇంటికి చేరాక ఆమె నిలదీస్తుంది, నేను నోరు మెదపకుండా అన్నం తిని పడుకుంటాను. రెండుసార్లు పెద్దమనుషులు పంచాయితీకి కూర్చొని ఒకసారి నాది తప్పని, మరొకసారి ఆమెది తప్పని తేల్చి వెళ్లారు. ఆ తరువాతే హైదరాబాద్‌లోని ఒక కౌన్సెలర్ వద్ద ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీకి, అంటే మనసులోని భావాలపై దృష్టి పెట్టే జంటల కౌన్సెలింగ్‌కు వెళ్లాం. మూడు సిట్టింగులు నేరుగా, పదకొండు వీడియోలో జరిగాయి.

1980లలో కెనడాలో మనస్తత్వవేత్తలు స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన ఈ పద్ధతికి, తల్లీబిడ్డల అనుబంధంపై (అటాచ్‌మెంట్) బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చెప్పిన సిద్ధాంతం ఆధారం. తప్పెవరిదో తేల్చడం ఇందులో లేదు. ఒకరు వెంటపడటం, మరొకరు ముడుచుకుపోవడం అనే చక్రాన్నే ఇద్దరికీ ఉమ్మడి శత్రువుగా చూపిస్తారు. మొదటి ఐదు సిట్టింగులూ ఆ చక్రాన్ని గుర్తుపట్టడానికే సరిపోయాయి; డబ్బు దండగని నాకు అనిపించింది కూడా అప్పుడే. ఆరవ సిట్టింగులో కౌన్సెలర్ నన్ను మా ఆవిడ వైపు తిరిగి మాట్లాడమన్నారు. "నువ్వు అరిస్తే నేను దేనికీ పనికిరానివాడిననిపిస్తుంది, అందుకే మాట్లాడను" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నువ్వు ఫోన్ ఎత్తకపోతే నేనున్నా లేకున్నా నీకు ఒకటే అనిపిస్తది" అంది. ఏడేళ్లలో ఈ రెండు మాటలూ మా ఇంట్లో వినబడలేదు.

ఈ చికిత్స పొందిన జంటలలో 70 నుంచి 73 శాతం మంది కలతల నుంచి బయటపడ్డారనే అంకె తరచూ వినిపిస్తుంది. అది 1999లో జాన్సన్ బృందమే కొన్ని అధ్యయనాలను కలిపి వేసిన లెక్క. పైగా ఆ అధ్యయనాలు చిన్నవి. తరువాతి పరిశోధనలు కూడా ఇది పనిచేస్తుందనే చెబుతున్నా, ఆ అంకెను హామీపత్రంగా భావించకూడదు.

లోపాలు కూడా చెప్పాలి. సిట్టింగుకు 1,500 రూపాయలు మాకు భారమే. కౌన్సెలర్ మాటల్లో సగం ఇంగ్లీషు. 'అటాచ్‌మెంట్' అన్నప్పుడల్లా మా ఆవిడకు నేనే అర్థం చెప్పవలసి వచ్చింది. మా తగవుల్లో సగభాగం మా అమ్మ చుట్టూ తిరిగేవే అయినా, ఇద్దరినే కూర్చోబెట్టే ఈ పద్ధతిలో ఆమె ప్రస్తావన పైపైనే సాగింది. ఆ గొడవ ఇంకా అలాగే ఉంది.

చేయి చేసుకునే భర్త ఉన్న ఇంటికి ఇది సరిపడదు, ఎందుకంటే మనసు విప్పి చెప్పిన మాటే అక్కడ భార్యకు ప్రమాదం తెస్తుంది. అటువంటి ఇంట్లోని మహిళలు ముందుగా మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయాలి లేదా హింసకు గురైన మహిళలకు సాయపడే జిల్లా సఖి కేంద్రానికి వెళ్లాలి. మా వరకు, ఈ యాసంగిలో కూడా నేను చాలా ఫోన్లు ఎత్తలేదు, కాని పది నిమిషాల్లో తిరిగి చేశాను.