డయాలసిస్ వాళ్ళకి గ్రూప్ థెరపీ, 8 వారాలూ వెళ్ళొచ్చి రాస్తున్నా (5 కి 4)

మా డయాలసిస్ సెంటర్లో గ్రూప్ థెరపీ, మైండ్‌ఫుల్‌నెస్ కలిపి 8 వారాల ప్రోగ్రామ్ పెట్టారు, వారానికో సెషన్, గంటన్నర. వారానికి 3 సార్లు నాలుగేసి గంటలు మిషన్‌కే పోతుంటే మళ్ళీ ఇదొకటా అని నాకు చిరాకేసింది, మా ఆవిడ పోరు పెట్టి పంపించింది.

మొదటిరోజే కౌన్సెలర్ మేడమ్ చెప్పింది నాకు బాగా తగిలింది. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం కిడ్నీ జబ్బుతోనూ వస్తాయి, డిప్రెషన్‌తోనూ వస్తాయి, అందుకని అన్నీ జబ్బు ఖాతాలో వేసేసి ఊరుకుంటారట. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుందట. రెండేళ్ళ నుంచి నన్ను ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే మనసు ఖాళీ చేసుకోవడం అనుకున్నా, కాదు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దీర్ఘకాలం జబ్బులు, నొప్పులు ఉన్నవాళ్ళ కోసం మొదలుపెట్టిన కోర్సులోంచి వచ్చిన పద్ధతి, ఒంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో ఊరికే గమనించడమే. ధ్యాసని కాలివేళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి తెస్తూ ఫిస్టులా చెయ్యి (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి) దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చేసింది, ఎందుకంటే అందులో రక్తం పారుతుంటే తెలిసే ఆ జుయ్‌మనే అదురు ఉందా ఆగిపోయిందా అని భయంతో తడుముకోవడం తప్ప ఆ చేతిని నాదనుకుని ఎప్పుడూ చూసుకోలేదు.

మేం నీళ్ళు కొలత ప్రకారమే తాగాలి కదా, ఆ దాహానికి కూడా ఒకటి నేర్పారు. గ్లాసు అందుకునే ముందు రెండు నిమిషాలు ఆ దాహం నాలుక మీదుందా గొంతులోనా అని చూడమన్నారు. అన్నిసార్లూ పనిచెయ్యదు, కొన్నిసార్లు మాత్రం నిజంగానే తగ్గిపోతుంది. డయాలసిస్‌కి డయాలసిస్‌కి మధ్య ఒంట్లో నీరు చేరి పెరిగే బరువు నాకు కాస్త తగ్గింది, ఉప్పు కూడా తగ్గించా కాబట్టి అంతా దీని గొప్పే అనను.

అసలు ఐదో వారం గురించే చెప్పాలి. మా షిఫ్ట్‌లో ఒక పెద్దాయన పోయారు, మర్నాటి షిఫ్ట్‌కి ఆ బెడ్ మీద ఇంకొకరు, సిస్టర్లు ఏం మాట్లాడరు, మేమూ ఏం మాట్లాడం, ఎప్పుడూ అంతే. ఆ వారం గ్రూపులో ఒకామె "ఆ బెడ్ వైపు చూడలేకపోతున్నా అన్నా, తర్వాత నేనేనేమో అనిపిస్తోంది" అంది. ఇంక ఒక్కొక్కరూ మొదలుపెట్టారు, నేనూ చెప్పా, ఇంట్లో చెప్తే వాళ్ళు భయపడతారని లోపలే దాచుకున్నదంతా. మేడమ్ ఆ రోజు శ్వాస ఎక్సర్‌సైజులన్నీ పక్కనపెట్టి మమ్మల్ని మాట్లాడనిచ్చారు, అందుకు ఆమెకి దండం పెట్టాలి.

లోపాలూ ఉన్నాయి. సెషన్ డయాలసిస్ అయిన వెంటనే పెట్టారు, అప్పటికి బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, సగంమంది కుర్చీల్లోనే నిద్ర. ఒకరోజు చేతుల మీద బరువు వేసే ఆసనం చెయ్యమన్నారు, ఫిస్టులా చేతి మీద ఒత్తిడి పడకూడదని పేషెంటే చెప్పాల్సి వచ్చింది, ఇది ముందే తెలిసుండాలి కదా. ఇంట్లోవాళ్ళకి ఒక్క సెషనూ లేదు, మా ఆవిడకి నాకంటే ఎక్కువ అవసరం.

ఇంకోటి, డయాలసిస్ మానేద్దాం, చచ్చిపోదాం అనిపిస్తుంటే గ్రూప్ మొదలయ్యేదాకా ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. డిప్రెషన్ మందులు వాడుతుంటే ఇందులో చేరామని ఆపెయ్యకండి.

తర్వాతి బ్యాచ్‌కి మళ్ళీ పేరిచ్చా, డయాలసిస్ లేని రోజు పెట్టమని మా గ్రూప్ అందరి సంతకాలతో కాగితం కూడా ఇచ్చాం.