తిరుపతి నుండి లండన్‌కు: దూరం, సమయం, మార్గం

చెన్నై నుండి లండన్ హీత్రూ విమానాశ్రయానికి గగనమార్గంలో దూరం సుమారు 8,200 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానంలో వెళ్లేటప్పుడు పదిన్నర నుండి పదకొండు గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు సుమారు పది గంటలే, ఎందుకంటే ఆకాశంలో బాగా ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెళ్లే విమానానికి ఎదురై, వచ్చే విమానాన్ని ముందుకు నెడతాయి. కానీ తిరుపతిలో గడప దాటే వారికి, అందులోనూ వయసు మళ్లిన తల్లిదండ్రులను వెంటబెట్టుకున్న వారికి, ఈ లెక్క సరిపోదు. వేసవిలో అమ్మానాన్నలతో లండన్‌లోని చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు గడప నుండి గడపకు దాదాపు ఒక రోజంతా పట్టింది.

తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుండి లండన్‌కు నేరుగా విమానం లేదు. అక్కడి నుండి హైదరాబాదుకు గంటకు పైచిలుకు సమయంలో చేరి లండన్ విమానం ఎక్కవచ్చు; అయితే రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నప్పుడు, మొదటి విమానం ఆలస్యమైతే రెండవది తప్పినా అడిగే హక్కు ఉండదు, సామాను కూడా మళ్లీ అప్పగించాలి. చిత్తూరు వారికి బెంగళూరు అనుకూలం. తిరుపతి వారికి మాత్రం పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో చెన్నై వెళ్లడమే మేలని నా అభిప్రాయం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సెంట్రల్ చేరి మెట్రోలో విమానాశ్రయానికి వెళ్లడం చవకే గాని, పెద్ద పెట్టెలతో పెద్దవారికి అది శ్రమ.

దుబాయ్ మీదుగా వెళ్తే దూరం బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెన్నై నుండి దుబాయ్‌కి సుమారు 2,900, అక్కడి నుండి లండన్‌కు సుమారు 5,500 కిలోమీటర్లు. పెరిగేది ఏ రెండు వందల కిలోమీటర్లో. పెరిగేదల్లా మధ్యలో నిరీక్షణ, మరొక భద్రతా తనిఖీ, ఆ విశాలమైన విమానాశ్రయంలో నడక. ఛార్జీ తగ్గితే యువకులకు ఇది మంచి మార్గమే. మోకాళ్ల నొప్పులున్న అమ్మను దృష్టిలో పెట్టుకుని మేము నేరుగా వెళ్లే విమానమే ఎంచుకున్నాము.

విమానం తెల్లవారుజామున కావడంతో ముందురోజు సాయంత్రమే చెన్నై విమానాశ్రయం దగ్గరి పల్లావరంలో ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా ఉంది, కానీ అర్ధరాత్రి దాటాక కారు పంపుతామన్న మాట వారు నిలబెట్టుకోలేదు. వాహనం సంగతి ఎవరికి వారు ముందే చూసుకోవడం మంచిది. వీల్‌చైర్, గుడ్డు లేని శాకాహార భోజనం టికెట్ తీసుకున్నప్పుడే నమోదు చేయించాము. రెండు విమానాశ్రయాల్లోనూ వీల్‌చైర్ సహాయకులు అమ్మను ఎంతో ఆదరంగా తీసుకువెళ్లారు, హీత్రూలో ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడే బాధ కూడా తప్పింది. భోజనం చప్పగా ఉన్నా వేడిగా ఉంది.

హీత్రూ నుండి ఎలిజబెత్ లైన్ రైలులో వైట్‌చాపెల్ చేరి, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ రైలుకు మారి ఈస్ట్ హామ్‌లో దిగాము. ఇడ్లీ, దోసె, మహాలక్ష్మి ఆలయం, మురుగన్ ఆలయం అన్నీ ఉన్న ఆ ప్రాంతం మన పెద్దవారికి చాలా సౌకర్యం. నగరం నడిబొడ్డున ఖరీదైన హోటల్ కన్నా అక్కడ బస నయం.

వేసవిలో లండన్ మనకన్నా నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు వెనుక ఉంటుంది. నాన్నగారి షుగరు మాత్రల వేళలు ఎలా మార్చాలో బయలుదేరక ముందే వైద్యుడిని అడిగి, కాగితం మీద తెలుగులో రాసి ఆయన చేతిసంచిలోనే పెట్టాము.