బరంపురంలో పైపు పగిలితే: ఏ మిస్త్రీ, ఏ సరుకు, ఎంతవరకు నమ్మొచ్చు

ఒడిశా బరంపురంలో అర్జంటుగా ప్లంబరు కావాలంటే దారులు మూడు. ఇల్లు కట్టినప్పుడు పైపులు వేసిన మిస్త్రీ ఒకరు. హార్డువేరు షాపువాళ్లు పంపే మిస్త్రీ ఇంకొకరు. మూడోది, ఫోనులో వెతికితే ముందుగా కనిపించే 24 గంటల సర్వీసు నంబర్లు. ఈ మూడింటికీ, మిస్త్రీ వచ్చేదాకా నీళ్లు ఆపడానికి జనం కొనే సరుకుకీ ఇక్కడ మార్కులు వేస్తున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం. పైపులు వేసింది తనే కాబట్టి ఏది ఎటు పోయిందో తెలిసిన పాత మిస్త్రీకి మొదటి స్థానం, హార్డువేరు షాపుకి రెండోది. ఫోను సర్వీసుది ఆఖరి స్థానం, డ్రైనేజీ పని ఒక్కటీ తప్ప. పర్లాకిమిడి, రాయగడ, జైపూరుల్లో కూడా ఈ వరసే పనికొస్తుంది.

ఎవర్ని పిలిచినా అరగంటకి తక్కువ పట్టదు. అర అంగుళం సీపీవీసీ పైపు (మీగడ రంగు ప్లాస్టిక్‌ది) కింది అంతస్తులో పూర్తిగా తెగిందంటే, మేడ మీది ట్యాంకులోంచి నిమిషానికి సుమారు 15 లీటర్లు పోతాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు గంట దాటేసరికి ఖాళీ. బడాబజారు వైపు గోడకి గోడ ఆనుకుని కట్టిన పొడుగిళ్లలో ఆ నీళ్లు మీ నేలతో ఆగవు, పక్కింటి గోడకి చెమ్మ ఎక్కి గొడవ కూడా వస్తుంది. అందుకని ఫోను తీసేముందే నీళ్లు ఆపాలి.

మొదట మోటారు స్విచ్ ఆపండి. ఆటోమేటిక్ పెట్టుకున్న ఇళ్లలో ట్యాంకు మట్టం పడగానే మోటారు దానంతటదే నడుస్తుంది, అంటే సంపులో నీళ్లు కూడా నేలపాలవుతాయి. తరవాత కరెంటు పెట్టెలో గీజరు స్విచ్ (ఎంసీబీ) దించండి. నీళ్లు స్విచ్‌బోర్డు దగ్గరికి చేరితే, పొడిగా ఉన్న చోటు నుంచి అందేట్టయితేనే మెయిను ఆపండి. తడి నేల దాటి వెళ్లాల్సొస్తే వద్దు, కరెంటోళ్లకి 1912కి ఫోను చేయండి. ఆ తరవాత మేడెక్కి ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు కట్టేయండి. బాల్ వాల్వు పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ట్యాంకుకి రెండు మూడు అవుట్‌లెట్లున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఏది వంటింటిదో, ఏది బాత్రూముదో ఇవాళే పెయింటుతో రాసి పెట్టుకోండి.

పాత ఇళ్లలో గుండ్రటి చక్రం ఉన్న ఇత్తడి గేట్ వాల్వులు ఇంకా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి తిప్పకపోతే ఉప్పునీటి గార పట్టి బిగుసుకుపోతాయి. రెంచి పెట్టి బలంగా తిప్పితే లోపలి కడ్డీ విరిగి, వాల్వు తెరిచినట్టే మిగిలిపోతుంది. చేత్తోనే పావు చుట్టు ఇటూ, పావు చుట్టు అటూ ఆడించాలి. కదలనని మొండికేస్తే వదిలేయండి. పగిలిన చోటికన్నా కింద ఉన్న పంపులన్నీ తిప్పి బకెట్లు, డ్రమ్ములు నింపుకోండి. పగులు దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు కూడా దక్కుతాయి. మునిసిపాలిటీ లైను నేరుగా ఇంట్లోకి వచ్చేవాళ్లకి మీటరు పక్క వాల్వే గతి.

ఇక సరుకు.

టెఫ్లాన్ టేపు ప్రతి ఇంట్లో ఉంటుంది, పగిలిన పైపు మీద చుట్టేది కూడా దాన్నే. అది దండగ. దాని పని స్క్రూ మరల మధ్య సందు పూడ్చడమే. మర మీద చుట్టేటప్పుడు మర కొస మీ వైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి పోగుపడుతుంది.

ఎం-సీల్ జీఐ (ఇనుప) పైపుకి పడిన సూదిబెజ్జానికి మంచి మందు. అయితే నీళ్లు కట్టేసి, తుప్పు గీకి, పొడిగుడ్డతో తుడిచాకే పెట్టాలి. రెండు ముద్దలూ సమంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. చారలు మిగిలితే అక్కడ గట్టిపడదు. కారుతుండగా పెడితే నీటి ఒత్తిడికి ముద్ద కిందనించి దారి చేసుకుని మళ్లీ కారుతుంది. నున్నగా ఉండే సీపీవీసీ మీద సరిగ్గా పట్టదు కూడా. ప్లాస్టిక్ పైపులున్న ఇంట్లో దీన్ని నమ్ముకోకండి.

సాగదీసి చుట్టే సిలికాన్ టేపుకి మా ఓటు. అది పైపుకి అంటుకోదు, తనకి తనే అంటుకుంటుంది, కాబట్టి తడి మీద కూడా పనిచేస్తుంది. పగులుకి రెండంగుళాల ముందు మొదలెట్టి, రెండింతలు మూడింతలు సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేట్టు చుట్టి, పగులు దాటి రెండంగుళాలు వెళ్లి వెనక్కి రావాలి. సాగదీయకుండా చుడితే పనికిరాదు. తిన్నగా ఉన్న పైపు మీది చీలికకి ఇది బాగా ఆగుతుంది. మూల తిరిగే చోట ఉండే ఎల్బోలోంచి పైపు ఊడొస్తే మాత్రం ఆగదు.

అది దొరకని ఊళ్లో సైకిలు ట్యూబు ముక్క ఉంది. నాలుగంగుళాల ముక్క నిలువుగా కోసి పగులు మీద చుట్టి, రెండు చివర్లా ఒకటి, నడుమ ఒకటి హోస్ క్లిప్పులు బిగిస్తే జీఐ పైపుకి వారం రోజులైనా ఢోకా ఉండదు. ప్లాస్టిక్ పైపు మీద క్లిప్పు మరీ బిగిస్తే పైపే నొక్కుకుపోతుంది, కారడం ఆగిన దగ్గర చెయ్యి ఆపాలి.

అన్నిటికన్నా చవకైనవి రెండున్నాయి: అర అంగుళం డమ్మీ ప్లగ్గు (మరలో బిగించే బిరడా), అర అంగుళం సీపీవీసీ ఎండ్ క్యాపు (పైపు కొసకి తొడిగే మూత). కొన్ని రూపాయల వస్తువులు. ఇంట్లో రెండేసి చొప్పున పెట్టుకోండి. కమోడు దగ్గర గోడకుండే చిన్న వాల్వు (యాంగిల్ కాక్) విరిగితే, గోడలో మర బాగుంటే, టేపు చుట్టి డమ్మీ బిగిస్తే మిగతా ఇల్లంతా నీళ్లు వాడుకోవచ్చు. విరిగిన మర ముక్క గోడలోనే ఉండిపోతే చాకుతో పొడవకండి, లోపలి ఇత్తడి మర చెడితే గోడ పగలగొట్టాల్సొస్తుంది. దాన్ని లోపల్నుంచి పట్టి తిప్పి తీసే పనిముట్టు మిస్త్రీ దగ్గర ఉంటుంది, అది తెమ్మని ఫోనులోనే చెప్పండి.

ఫోనులో ఏం చెప్పారన్నదాన్ని బట్టే పని గంటలో తేలుతుందా, పూటంతా సాగుతుందా అన్నది ఉంటుంది. "పైపు పగిలింది, రండి" అంటే మిస్త్రీ ఉత్తచేతులతో వస్తాడు, చూసి, షాపుకెళ్లి, తప్పు సైజు తెచ్చి, మళ్లీ వెళ్తాడు. ఆ తిరుగుడంతా మీ ఖాతాలోకే. పైపు రంగు చూడండి. మీగడ రంగైతే సీపీవీసీ, తెలుపైతే యూపీవీసీ, ఇనుమైతే జీఐ. ఆపై ఒక దారం పైపు చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, స్కేలు మీద కొలవండి. మీగడ రంగు పైపు చుట్టుకొలత 5 సెంటీమీటర్లుంటే అర అంగుళం, 7 ఉంటే ముప్పావు. తెల్ల యూపీవీసీకి, జీఐకి లెక్క వేరు: 6.7 వస్తే అర అంగుళం, 8.4 వస్తే ముప్పావు. రెండు ప్లాస్టిక్‌లూ పైకి దగ్గరగా కనిపించినా ఒకదాని ఎల్బో ఇంకోదానికి ఎందుకు పట్టదో ఈ అంకెలే చెప్తాయి. పైపు బయట ఉందా గోడలో ఉందా, వేడినీళ్లదా చన్నీళ్లదా అన్నది కూడా చెప్పండి. పగిలిన చోటు ఫొటో తీసి పంపితే ఇంకా మేలు.

ఒడియా మిస్త్రీకైతే ఇంత చాలు: "భాయీ, పైపు ఫాటి జాయిచ్చి, పాణి బంద్ హెఉని. ఆసిబాకు కెతే నెబ?" పైపు పగిలింది, నీళ్లు ఆగటం లేదు, రావడానికి ఎంత తీసుకుంటావు అని. ఆఖరి ప్రశ్న మొదటి ఫోనులోనే అడగాలి, ఇంటికొచ్చాక అడిగితే బేరం మీ చేతిలో ఉండదు.

హార్డువేరు షాపు మిస్త్రీని ఫోను సర్వీసు కన్నా పైన పెట్టడానికి కారణం ఈ తిరుగుడు తప్పడమే. సరుకు షాపులోనే ఉంటుంది, సైజు చెప్తే రెండు ఎల్బోలు, రెండు సాకెట్లు, మూరెడు పైపు, పైపులు అతికే సొల్యూషన్ డబ్బా సంచిలో వేసుకుని వస్తాడు. మిగిలినవి షాపులో వెనక్కి ఇవ్వొచ్చు. పని చెడితే పోయి అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. లోటు కూడా ఉంది. రాత్రి షట్టరు దించేశాక ఎవరూ ఎత్తరు. సరుకు ధరలో షాపు లాభం కలిసే ఉంటుంది, చేతిబిల్లయినా సరే సామాను విడివిడిగా రాయించుకోండి. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) రోజుల్లో పాతఊరి వీధుల్లో సాయంత్రాలు బండి కదలదు, అప్పుడు నడిచొచ్చే దూరంలో ఉన్న మిస్త్రీనే చూసుకోవాలి.

ఫోను సర్వీసుల్లో చాలావాటికి సొంత మనుషులుండరు. ఫోనెత్తినవాళ్లు ఊళ్లో ఎవరో మిస్త్రీకి పని అప్పజెప్తారు. పని అయినా కాకపోయినా వచ్చిన చార్జీ కట్టాల్సిందే, సామాను వేరే. అర్ధరాత్రి పంపు ఊడిపోయినప్పుడు ఇంకో దారి లేకపోతే పిలవండి, తప్పులేదు. చార్జీ ఎంతో, కూలి ఎంతో, గోడ పగలగొడితే మళ్లీ సిమెంటు పూసేది ఎవరో మెసేజిలో రాయించుకోండి. ప్లంబరు పగలగొడతాడు గాని పూయడు, దానికి తాపీపని చేసే రాజమిస్త్రీ కావాలి. ఒప్పుకున్నదానికి మించి గుంజితే జాతీయ వినియోగదారుల నంబరు 1915కి చెప్పుకోవచ్చు, ఆ మెసేజే సాక్ష్యం.

వచ్చినవాడు పనివాడా కాదా అన్నది సీపీవీసీ అతుకు దగ్గర ఇట్టే తెలిసిపోతుంది. మంచి మిస్త్రీ పైపుని తిన్నగా కోసి, అంచు గరుకు తీసి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడుస్తాడు. నీటి చుక్క ఇంకా కారుతుంటే బ్రెడ్డు ముక్క ఉండలా చేసి పైపులోకి తోస్తాడు. అతుకు పట్టేదాకా అది చుక్కని ఆపి, తరవాత నీళ్లతో కరిగి బయటికి పోతుంది. అందుకని దగ్గర్లో ఉన్న పంపు జాలీ ముందే విప్పి ఉంచాలి. సొల్యూషన్ పైపుకీ, ఫిట్టింగు లోపలా పల్చగా రాసి, పైపుని అడుగంటా దూర్చి, పావు చుట్టు తిప్పి, అరనిమిషం చేత్తో పట్టుకుంటాడు. పట్టుకోకపోతే పైపు మెల్లగా వెనక్కి జరుగుతుంది, సగం అతుకే మిగులుతుంది. తడి మీద రాసిన సొల్యూషన్ ఆ పూటకి ఆగి, నాలుగు రోజులకి ఊడుతుంది. తిరిగి కారే పనుల్లో ఎక్కువ భాగం ఈ తడి అతుకులే.

డబ్బా మీద సీపీవీసీ అని ఉందో లేదో మీరే చదవండి. యూపీవీసీ సొల్యూషన్‌తో గీజరు లైను అతికితే వేడికి వదులైపోతుంది. అతికాక డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి, చన్నీళ్ల లైనుకైనా గంట తక్కువ కాకూడదు. ఆ రాత్రికి గీజరు వేయొద్దు. మర్నాడు కూడా వేడినీళ్ల పంపులోంచి ధార నిండుగా వచ్చాకే స్విచ్ వేయండి, ఖాళీ గీజరు వేడెక్కితే లోపలి కాయిలు కాలిపోతుంది. పంపు బిగించే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే అడగండి. ఉత్త ప్లాస్టిక్ మరని కాస్త గట్టిగా తిప్పితే చాలు, చీలుతుంది.

డ్రైనేజీ గురించి క్లుప్తంగా. ఒక్క సింకే నిండితే దాని కింద ఉండే వంపు గొట్టం (ట్రాపు) విప్పి కడిగితే సరిపోతుంది. బాత్రూము నేల మీది జాలీ (నాహ్నీ ట్రాపు) లోంచీ, కమోడులోంచీ ఒకేసారి నీళ్లు పైకొస్తే అడ్డు బయట ఛాంబర్లో ఉన్నట్టు. ఆ పనికి స్ప్రింగు, ప్రెషరు మిషను ఉన్న సర్వీసే మేలు, ఫోను నంబర్లకి ఇక్కడ మార్కులు పడతాయి. యాసిడ్ పోసినచోట బ్లీచింగు పౌడరు చల్లకండి. క్లోరిన్ గ్యాసు పుట్టి, తలుపేసిన బాత్రూములో ఊపిరి ఆడదు. యాసిడ్ ముందే పోసి ఉంటే వచ్చిన మనిషికి ఆ సంగతి చెప్పాలి, స్ప్రింగు తిప్పేటప్పుడు అతని కళ్లలోకి చిందుతుంది.

మన జిల్లాలకి అక్టోబరు గండం ఒకటుంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. గాలికి ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు ఎగిరిపోతాయి, ఎగరకపోయినా కదిలి అవుట్‌లెట్ నిపుల్ దగ్గర పైపు విరుగుతుంది. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నింపి, తాడుతో కట్టి, అవుట్‌లెట్ వాల్వు మూసేయండి. కరెంటు రోజుల తరబడి రాకపోతే ఆ వెయ్యి లీటర్లే ఆధారం. ఆ వారంలో మిస్త్రీ దొరకడు, డమ్మీ ప్లగ్గూ సిలికాన్ టేపూ అప్పటికే ఇంట్లో ఉండాలి.

మిస్త్రీకి డబ్బులన్నీ అప్పుడే ఇచ్చేయకండి, కొంత రేపిస్తామని ముందే మాట్లాడుకోండి. ఆ రాత్రి వాల్వులన్నీ తెరిచి, పంపులన్నీ కట్టేసి, మోటారు ఆపి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దగీత పెట్టండి. తెల్లారేసరికి నీళ్లు గీత మీదే ఉంటే మిగిలింది ఇచ్చేయండి. గీత కిందికి దిగితే, ముందు కమోడు ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో చూసి, అది కాకపోతే అతన్నే మళ్లీ పిలవండి.